చెయ్యి వదిలేస్తే ఏమవుతుంది? బరువులెత్తే హాయిస్టులో బ్రేకు కథ

చేత్తో గొలుసు లాగి బరువులెత్తే చైన్ బ్లాక్ పక్కన నిలబడి పని చూసిన వాళ్లకు ఒక చప్పుడు గుర్తుండే ఉంటుంది. బరువు పైకి లేస్తున్నంతసేపూ లోపలి నుంచి టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. అదే బరువును దించుతుంటే ఆ టిక్కు ఉండదు, గొలుసు గలగల ఒక్కటే. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడెవరైనా "అన్నా, దించేటప్పుడు టిక్కు రావట్లేదేంటి?" అని అడిగితే ఆ కుర్రాణ్ని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. హుక్కు కింద పనిచేసే మనిషి ప్రాణం దేని మీద ఆధారపడి ఉందో ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం వచ్చేస్తుంది.

బావి గిలకకు బ్రేకు ఉండదు. మన చేతులే దానికి బ్రేకు. నిండు బొక్కెన సగం దూరం వచ్చాక తాడు జారితే అరచేతులు ఎలా కమిలిపోతాయో నీళ్లు తోడిన వాళ్లకు తెలుసు. బొక్కెన పదో పదిహేనో కిలోలు కాబట్టి నొప్పితో పోతుంది. వేలాడేది లారీ ఇంజనో, రెండు టన్నుల ఇనుప దూలమో అయితే చేతులు చేసేదేమీ లేదు. పట్టు పూర్తిగా తప్పిన వస్తువు మొదటి అర సెకనులో 1.2 మీటర్లు పడుతుంది. సెకను నిండేసరికి 4.9 మీటర్లు పడిపోయి, గంటకు 35 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. హాయిస్టులో గేర్లు, మోటారు కూడా వెనక్కి తిరగాలి కాబట్టి మొదట్లో కాస్త నెమ్మదిగా జారుతుంది, నిజమే. కానీ మనిషి చూసి, జరుగుతున్నదేమిటో గ్రహించి, చెయ్యి ఆడించేలోపు ఆ కాస్త ఆలస్యం కూడా కరిగిపోతుంది. అందుకే బరువులెత్తే యంత్రంలో బ్రేకును మనిషి చురుకుదనం మీద వదిలెయ్యకూడదు. దానంతట అదే పడాలి.

"దానంతట అదే" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. ప్రమాదాన్ని పసిగట్టి, అప్పుడు కదిలి వచ్చి పట్టుకునే తెలివైన పరికరం ఏదో ఉంటుందని అనుకుంటారు. మంచి బ్రేకు అలా ఉండదు. అది ఎప్పుడూ పట్టుకునే ఉంటుంది. యంత్రం కదలాలంటే ఏదో ఒక బలం దాన్ని పనిగట్టుకుని తెరిచి ఉంచాలి. ఆ బలం ఏ కారణంగా పోయినా బ్రేకు మళ్లీ మూసుకుంటుంది. కాబట్టి ఏ హాయిస్టును చూసినా అడగాల్సిన మొదటి ప్రశ్న బ్రేకు ఎలా పడుతుందని కాదు, దాన్ని తెరిచి ఉంచుతున్నది ఏమిటని.

బ్రేకు లేకుండానే ఆగిన రోజులు

పాతకాలపు డిఫరెన్షియల్ పుల్లీకి బ్రేకే ఉండేది కాదు. పైన ఒకే ఇరుసు మీద కొద్దిపాటి సైజు తేడాతో రెండు చక్రాలు, కింద ఒక చక్రం, వాటన్నిటినీ చుట్టిన ఒకే గొలుసు. 19వ శతాబ్దంలో థామస్ వెస్టన్ అనే ఇంజనీరు పేరుతో ఇది ప్రచారంలోకి వచ్చింది. బరువు సగం ఎత్తులో ఉండగా గొలుసు వదిలేసినా కిందికి జారేది కాదు. అందులో ఏ పరికరమూ లేదు, ఉన్నదల్లా రాపిడి. లాగిన శ్రమలో సగానికి పైగా రాపిడే తినేసేది. బరువు తనంతట తాను దిగాలన్నా ఆ రాపిడిని దాటుకునే దిగాలి, దాటేంత శక్తి దానికి ఉండదు. సామర్థ్యం 50 శాతం కంటే తక్కువున్న యంత్రం వెనక్కి తిరగదని పాలిటెక్నిక్ మొదటి ఏడాది పిల్లలు లెక్క చేసి మరీ చూపిస్తారు.

మరలాంటి ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పే వర్మ్ గేరు మీద ఉన్న నమ్మకం కూడా ఈ కోవలోదే. వర్మ్ గేరు ఉంటే బ్రేకు అక్కర్లేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. కదలకుండా ఉన్నప్పుడు అది పట్టుకుంటుంది. కానీ పక్కన ఇంకో యంత్రం అదురుతుంటే, పళ్లు అరిగి నున్నబడితే, మంచి నూనె పడితే కొద్దికొద్దిగా జారొచ్చు. రాపిడి అనేది రోజుకో రకంగా ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చేమో కానీ దాని మీద మనిషిని నిలబెట్టకూడదు.

తర్వాత నున్నటి గేర్లు, బాల్ బేరింగులు వచ్చాయి. ఒక్క మనిషి రెండు చేతులతో గొలుసు లాగి టన్ను బరువు ఎత్తే రోజులొచ్చాయి. దానితోపాటే చిక్కూ వచ్చింది. తేలిగ్గా ఎక్కే బరువు తేలిగ్గానే దిగుతుంది కూడా. వృథాను తగ్గించిన కొద్దీ, ఆ వృథా ఇన్నాళ్లూ చేస్తూ వచ్చిన కాపలా కూడా పోయింది. ఆ కాపలా పనికి ప్రత్యేకంగా ఒకదాన్ని పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు చైన్ బ్లాకుల్లో ఉండే లోడ్ బ్రేకు అదే. దాన్నీ వెస్టన్ పేరుతోనే పిలుస్తారు.

కవరు విప్పితే

చైన్ బ్లాక్ కవరు విప్పి చూస్తే బ్రేకులో ఉండేవి నాలుగైదు ముక్కలే. గేర్లను తిప్పే ఇరుసు మీద మర ఉంటుంది. చేతి గొలుసు తిరిగే చక్రం ఆ మర మీద నట్టులా ఎక్కి ఉంటుంది. ఆ చక్రానికీ, ఇరుసుకు బిగించి ఉన్న ఒక దిమ్మకీ మధ్య పళ్లచక్రం, అంటే రాచెట్. రాచెట్‌కు అటొకటి ఇటొకటి రాపిడి బిళ్లలు. ఆ పళ్లలోకి స్ప్రింగు బలంతో దిగే చిన్న ఉక్కు నాలుక. మంచి బ్లాకుల్లో ఈ నాలుకలు రెండుంటాయి.

ఎత్తే వైపు గొలుసు లాగినప్పుడు చక్రం మర మీద బిగుసుకుంటూ పోయి బిళ్లల్ని, రాచెట్‌ని దిమ్మకేసి నొక్కేస్తుంది. అన్నీ ఒకే ముద్దగా తిరుగుతాయి. నాలుక ఒక్కో పన్ను మీదికి ఎక్కి దిగుతుంటే వచ్చేదే ఆ టిక్కు టిక్కు.

ఇప్పుడు చెయ్యి వదిలేద్దాం. బరువు ఇరుసును వెనక్కి తిప్పాలని చూస్తుంది. రాచెట్‌ను మాత్రం నాలుక ఆపేసింది, అది వెనక్కి రాదు. ఇరుసు వెనక్కి తిరగబోయిన కొద్దీ మర ఇంకా బిగుస్తుంది, బిళ్లలు ఇంకా గట్టిగా నొక్కుకుంటాయి. హుక్కు మీద అర టన్ను ఉంటే అర టన్నుకు తగ్గ పట్టు, రెండు టన్నులుంటే రెండు టన్నులకు తగ్గ పట్టు. బ్రేకు వేస్తున్నది వేలాడుతున్న బరువే. పడాలని చూసే శక్తినే పట్టి ఉంచే శక్తిగా మార్చిన ఈ ఆలోచన నాకు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. ఇందులో కరెంటు లేదు, మనిషి జాగ్రత్త లేదు. బరువు ఉన్నంతసేపూ బ్రేకు ఉంటుంది.

దించేటప్పుడు గొలుసును రెండో వైపు లాగుతాం. చక్రం మర మీద వెంట్రుకవాసి వదులవుతుంది. ఆ వదులులో ఇరుసు కొంచెం తిరుగుతుంది, తిరగ్గానే మర మళ్లీ బిగుస్తుంది. మనం లాగుతూనే ఉంటాం కాబట్టి వదులు, బిగువు, వదులు, బిగువు అన్న ఈ వరస ఆగకుండా దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఇంత జరుగుతున్నా రాచెట్ మాత్రం కదలదు, నాలుక దాన్ని పట్టుకునే ఉంటుంది. అందుకే టిక్కు రాదు. కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇదే: దించేటప్పుడు నాలుక పనిచెయ్యక కాదు, ఒక్క పన్ను కూడా వదలకుండా పనిచేస్తోంది కాబట్టి.

దీన్నిబట్టే ఇంకో సంగతి తెలుస్తుంది. ఎత్తేటప్పుడు టిక్కు ఆగిపోతే పని ఆపెయ్యాలి. నాలుక స్ప్రింగు తుప్పుపట్టి విరిగిందో, నాలుక మట్టిలో ఇరుక్కుని పైనే నిలిచిపోయిందో చూడాలి. చప్పుడు లేకుండా సాఫీగా ఎక్కుతోందని సంతోషించే మనుషుల్ని చూశాను. ఆ సాఫీతనంలో ప్రమాదం ఉంది.

ఇంకొకటి కూడా చూశాను. ఒక షెడ్డులో పాత చైన్ బ్లాకును విప్పి శుభ్రం చేసిన కుర్రాడు, ఎంతో బాధ్యతగా, లోపలున్న ప్రతి ముక్కకీ గ్రీజు పూసి బిగించాడు. రాపిడి బిళ్లలకు కూడా పూశాడు. మర్నాడు లారీ ఇంజను ఎత్తి, స్టాండు లోపలికి తోయబోతుంటే ఇంజను దానంతట అదే దిగడం మొదలుపెట్టింది. ధబ్బున పడలేదు. నాలుగు వేళ్లంత దిగింది, ఆగింది, మళ్లీ దిగింది. కింద చెయ్యి పెట్టిన మనిషి ఆ మొదటి నాలుగు వేళ్ల దగ్గరే లాక్కోగలిగాడు కాబట్టి చేతులు దక్కాయి. గొలుసుకు నూనె పెట్టాలి, గేర్లకు గ్రీజు పెట్టాలి. పొడిగా ఉండాల్సిన ఆ రెండు బిళ్లలకు మాత్రం ఏదీ తగలనివ్వకూడదు. ఆ కుర్రాడి తప్పు లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. నూనెలోనే మునిగి పనిచేసే లోడ్ బ్రేకులు కొన్ని కరెంటు హాయిస్టుల్లో ఉంటాయి. అక్కడ బిళ్లలు వేరు, లెక్క వేరు. రెండింటినీ కలపకూడదు.

తాడు తెగితే

ఇరుసును ఆపితే బరువు ఆగుతుందన్న మాట, ఇరుసుకూ బరువుకూ మధ్య తాడు తెగనంతవరకే నిజం. తెగితే పైన ఎంత గొప్ప బ్రేకు ఉన్నా దండగ. ఈ చిక్కును ముందుగా జనం కళ్లముందు విప్పి చూపించినవాడు ఎలిషా ఓటిస్. 1852 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్ ఊళ్లో మంచాలు చేసే ఫ్యాక్టరీలో మెకానిక్కుగా ఉంటూ, సామాను ఎత్తే లిఫ్టు కోసం ఒక ఏర్పాటు చేశాడు. లిఫ్టు పైభాగాన గుర్రబ్బండికి వాడే ఆకుల స్ప్రింగు బిగించాడు. తాడును ఆ స్ప్రింగు మధ్యలో కట్టాడు. లిఫ్టు బరువుకు తాడు బిగిసి ఉన్నంతసేపూ స్ప్రింగు వంగి ఉంటుంది. తాడు తెగితే స్ప్రింగు చాచుకుని, దాని రెండు కొసలూ రెండు పక్కల నిలువు పట్టాలకు ఉన్న పళ్లలో దిగబడతాయి.

1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో తనే ఆ వేదిక మీద నిలబడి, పైకి వెళ్లాక తాడు నరికించాడు. వేదిక కొద్దిగా జారి ఆగిపోయింది. 1857 మార్చి 23న న్యూయార్క్‌లోని హావౌట్ దుకాణంలో ఆయన కంపెనీ మనుషులెక్కే లిఫ్టు పెట్టింది. నాకు ఇందులో ఆ సాహసం కంటే స్ప్రింగు అమరికే గొప్పగా అనిపిస్తుంది. తాడు బాగున్నంతకాలం తాడే బ్రేకును తెరిచి ఉంచుతోంది. తాడు పోవడమే బ్రేకు పడమని చెప్పే కబురు. మధ్యలో ఇంకెవరూ మోసుకుపోవాల్సిన పని లేదు.

ఇప్పుడు హైదరాబాదులో ముప్పై నలభై అంతస్తుల భవనాలు కడుతున్నచోట బయటి గోడ పక్కన ఎక్కే దిగే పంజరం లిఫ్టుల్లో తాడే ఉండదు. నిలువు స్తంభానికి పళ్ల పట్టీ ఉంటుంది, దాని మీద గేరు చక్రాలు పాకుతూ పంజరాన్ని మోస్తాయి. మోటారుతో సంబంధం లేని ఇంకో చక్రం ఊరికే అదే పట్టీ మీద తిరుగుతూ ఉంటుంది. దిగే వేగం హద్దు దాటితే దాని లోపలి బరువులు గుండ్రంగా తిరిగే ఊపుకు బయటికి విసురుకుని, చుట్టూ ఉన్న గుల్లను పట్టుకుంటాయి. ఆ గుల్లకున్న మర బిగుసుకుంటూ పంజరాన్ని కొంత దూరంలో నిలబెడుతుంది. ఒక్కసారిగా ఆపదు, దానికి కారణం కిందికొచ్చాక చెబుతాను. మనుషులెవరూ లేకుండా పంజరాన్ని కావాలని జార్చి ఈ పరికరాన్ని పరీక్షిస్తుంటారు. మీరు ఆ లిఫ్టు ఎక్కి పనికి వెళ్లేవాళ్లయితే, ఆ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందని అడిగే హక్కు మీకుంది.

ఫేజ్ పోయిన హాయిస్టు

కరెంటు హాయిస్టులో బ్రేకును మూసేవి స్ప్రింగులు, తెరిచేది విద్యుదయస్కాంతం. పైకో కిందికో బటన్ నొక్కితే మోటారుతోపాటు అయస్కాంతానికీ కరెంటు వెళ్లి, స్ప్రింగుల్ని వెనక్కి లాగి, బిళ్ల తిరగడానికి దారి ఇస్తుంది. బటన్ వదిలితే, ఊళ్లో కరెంటు పోతే, తీగ తెగితే, ఫ్యూజ్ ఎగిరితే అయస్కాంతం చచ్చిపడుతుంది, స్ప్రింగులు పట్టేస్తాయి. కరెంటు బ్రేకును వెయ్యదు, తీస్తుంది. షెడ్డు పైభాగాన పట్టాల మీద నడిచే పెద్ద ఈఓటీ క్రేన్ల మీద అయస్కాంతం బదులు నూనె ఒత్తిడితో లేచే థ్రస్టర్ ఉంటుంది. సూత్రం మారదు.

ఇంతవరకు అంతా బాగానే ఉన్నట్టుంది. కానీ రైతుకు తెలిసిన ఒక సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే బోరు మోటారు తిరగదు, మూలుగుతూ కాలిపోతుంది. కరెంటు పూర్తిగా పోయినట్టూ కాదు, ఉన్నట్టూ కాదు. హాయిస్టుకు ఇదే జరిగితే? మోటారు మూడు ఫేజుల మీదా నడవాలి. బ్రేకు అయస్కాంతానికి రెండు ఫేజులు చాలు. పోయింది ఆ మూడో ఫేజు అయితే, బటన్ నొక్కగానే బ్రేకు తెరుచుకుంటుంది, బరువు మోయాల్సిన మోటారుకు మాత్రం బలం ఉండదు. పట్టుకునేవాడు వదిలేశాడు, మోసేవాడు లేడు. పానెల్లో ఫేజు పోయినట్టు గుర్తించే రిలే లేకపోతే బరువు నేరుగా దిగిపోతుంది. మోటారును ఎలక్ట్రానిక్ పద్ధతిలో నడిపే కొత్త రకం డ్రైవులున్న క్రేన్లలో ముందుగా మోటారుకు కరెంటు ఇచ్చి, బరువు మోసే బలం వచ్చిందని రూఢి చేసుకున్నాకే బ్రేకు తెరవడం అందుకే. మోటారు బ్రేకుతోపాటు గేరు పెట్టెలో, చైన్ బ్లాకులో లాగా, బరువుతోనే బిగిసే లోడ్ బ్రేకు కూడా పెట్టే హాయిస్టులు ఉండటానికీ కారణం ఇదే. ఒకదానికి కరెంటు సంగతి తెలుసు, రెండోదానికి బరువు సంగతి మాత్రమే తెలుసు.

ఇది కాగితం మీది భయం కాదు. 2007 ఏప్రిల్ 18న చైనాలోని లియావోనింగ్ రాష్ట్రం, తియెలింగ్ నగరంలో చింగ్‌హ స్పెషల్ స్టీల్ కర్మాగారంలో 30 టన్నుల కరిగిన ఉక్కున్న లేడిల్‌ను, అంటే పెద్ద బకెట్‌ను, క్రేన్ దించుతోంది. కంట్రోల్ సర్క్యూట్‌లో కరెంటును కలిపే ఒక చిన్న కాంటాక్టు తుప్పుపట్టి తెరుచుకుంది. మోటారుకు కరెంటు పోయింది. ఆ క్షణంలో బ్రేకు దానంతట అదే పడాలి. సర్క్యూట్ గీసిన తీరులోనే లోపం ఉండటంతో పడలేదు. తర్వాత పట్టే ప్రయత్నం చేసినా ఆ బరువును ఆపేంత బలం బ్రేకులో లేదు. లేడిల్ కింద ఉన్న బండిని కొట్టుకుని ఒరిగిపోయింది. షిఫ్టు మొదలయ్యే ముందు మీటింగు కోసం కార్మికులు చేరిన గది పక్కనే ఉంది. ఉక్కు ఆ గదిలోకి పారింది. 32 మంది చనిపోయారు. కరిగిన లోహం మోయడానికి తయారుచేసే ప్రత్యేకమైన క్రేన్ కాకుండా మామూలు పనులకు వాడే క్రేన్ అక్కడ ఉందని దర్యాప్తులో తేలింది.

విశాఖ ఉక్కు కర్మాగారం ఉన్న నేల మీద బతికేవాళ్లం కాబట్టి, లేడిల్ అంటే ఏమిటో మనకు వేరే వివరించక్కర్లేదు. తాళంచెవంత కాంటాక్టు తుప్పుపట్టి అంతమందిని తీసుకెళ్లిందని చదివినప్పుడు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

అన్ని స్ప్రింగులూ ఒకే కడ్డీకి

మరి స్ప్రింగు ఉంది, కరెంటుతోగానీ గాలి ఒత్తిడితోగానీ తెరుచుకుంటుంది, ఆ బలం పోతే మూసుకుంటుంది. అంతా సరిగ్గా గీశారు. అప్పుడైనా నిశ్చింతగా ఉండొచ్చా? ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో మార్కమ్ బొగ్గు గని దీనికి జవాబు చెప్పింది. 1973 జూలై 30 ఉదయం, 29 మంది గని కార్మికులతో కేజ్, అంటే తాడుకు వేలాడే పంజరం, గని బావిలోకి దిగుతోంది. అడుగుకు చేరువవుతుంటే కేజ్‌ను ఎత్తి దించే వైండింగ్ ఇంజన్ డ్రైవరు వేగం తగ్గించడానికి బ్రేకు వేశాడు. బ్రేకు దగ్గర నిప్పురవ్వలు లేచాయి, పెద్ద చప్పుడు వినిపించింది. ఎమర్జెన్సీ బటన్ కూడా నొక్కాడు. లాభం లేకపోయింది. కేజ్ బావి అడుగును గుద్దుకుంది. 18 మంది చనిపోయారు, మిగిలిన 11 మంది తీవ్రంగా గాయపడ్డారు.

ఆ బ్రేకు స్ప్రింగులతో మూసుకునే రకమే. పుస్తకంలో చెప్పినట్టే ఉంది. కానీ ఆ స్ప్రింగులన్నిటి బలమూ డ్రమ్మును నొక్కి ఆపే బ్రేకు చెప్పుల (షూల) దాకా వెళ్లే దారి ఒక్కటే: రెండంగుళాల మందం, సుమారు తొమ్మిదడుగుల పొడవున్న ఒక ఉక్కు కడ్డీ. దానికి ఆనుకున్న లివరు బేరింగుకు నూనె సరిగ్గా అందక, కడ్డీ నిటారుగా లాగబడాల్సింది ప్రతిసారీ కాస్త వంగుతూ వచ్చింది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఒక వంపు. ఇనుప తీగను అటూ ఇటూ వంచి విరిచే పిల్లవాడి ఆట లాంటిదే, ఏళ్ల తరబడి సాగింది. లోపల పగులు మొదలై పెరిగి, ఆ ఉదయం తెగింది. కడ్డీ పోయాక స్ప్రింగులున్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎమర్జెన్సీ బటన్ కూడా చివరికి పిలవాల్సింది అదే బ్రేకును.

ఇంకా బాధ కలిగించేది, 1961లోనే ఇంకో గనిలో ఇలాంటి కడ్డీ విరిగింది. అప్పుడు మిగతా గనుల్లోవి తనిఖీ చెయ్యమన్నారు. కడ్డీని విప్పకుండా ఉన్నచోటే చూశారు. అలసటతో వచ్చే పగులు అలా చూస్తే కనిపించదు. మార్కమ్ తర్వాత బ్రిటన్ గనుల్లో వైండింగ్ బ్రేకులన్నిటినీ ఒక్కటే ప్రశ్నతో మళ్లీ వెతికారు: ఏ ఒక్క ముక్క విరిగితే మొత్తం బ్రేకు పోతుంది? అలాంటి ముక్క ఉంటే దానికి జంట పెట్టడమో, తీసేసి బ్రేకునే మార్చడమో చేశారు. ఇప్పటి వైండర్ల మీద డ్రమ్ముకు పెద్ద ఉక్కు పళ్లెం బిగించి, దాని చుట్టూ, పళ్లాన్ని రెండు వైపుల నుంచి నొక్కి పట్టే కాలిపర్లు అనేకం పెడతారు. ప్రతి కాలిపర్‌కు దాని స్ప్రింగు దానికే. ఒకటి చచ్చినా మిగతావి పట్టుకుంటాయి. సింగరేణి ప్రాంతంలో కేజ్, వైండింగ్ మాటలు వింటూ పెరిగిన వాళ్లు ఈ తేడాను ఇట్టే పట్టుకుంటారు.

కర్మాగారాల క్రేన్లలో కూడా ఈ పాఠమే ఇంకో రూపంలో ఉంది. మామూలు బ్రేకు మోటారు దగ్గర ఉంటుంది. మోటారుకూ తాడు చుట్టుకునే డ్రమ్ముకూ మధ్య కప్లింగు, గేరు పెట్టె, ఇరుసులు. వీటిలో ఏది విరిగినా మోటారు దగ్గరి బ్రేకు తన మోటారును గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, డ్రమ్ము మాత్రం దానిష్టం వచ్చినట్టు తిరిగిపోతుంది. కరిగిన లోహం మోసే క్రేన్లలో డ్రమ్ము మీదే నేరుగా ఇంకో అత్యవసర బ్రేకు పెట్టడం అందుకే. ఒకే ఇరుసు మీద పక్కపక్కనే రెండు బ్రేకులు పెట్టి "డబుల్ బ్రేకు" అంటే, ఆ ఇరుసు విరిగిన రోజున రెండూ కలిసే పోతాయి. ఎన్ని బ్రేకులున్నాయని కాదు, ఎన్ని వేర్వేరు దారుల్లో ఉన్నాయని లెక్కపెట్టాలి.

గట్టిగా పట్టినా తప్పే

బ్రేకు ఎంత గట్టిదైతే అంత మంచిదని అనుకోవడం సహజం. కానీ పడుతున్న బరువును ఆపడానికి పట్టే బలం, అది ఎంత దూరం పడింది, ఎంత దూరంలో ఆపాం అన్న రెండింటి మీద ఉంటుంది. మీటరు ఎత్తు నుంచి స్వేచ్ఛగా పడిన బరువును 10 సెంటీమీటర్లలో ఆపితే తాడు మీద సగటున ఆ బరువుకు 11 రెట్ల లాగుడు పడుతుంది. టన్ను సరుకు పదకొండు టన్నులై కూర్చుంటుంది. బ్రేకు పట్టినా తాడో, హుక్కో, పైన దూలమో తట్టుకోవాలి కదా. అందుకే మంచి భద్రతా బ్రేకుకు రెండు గుణాలు కావాలి: వేగం పెరగకముందే పట్టాలి, పట్టాక కొంత దూరం ఇచ్చి ఆపాలి. పంజరం లిఫ్టులో మర నెమ్మదిగా బిగుసుకోవడానికి కారణం ఇదే.

వేడి సంగతి కూడా ఉంది. ఐదు టన్నుల బరువును 10 మీటర్లు దించితే సుమారు 490 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. లీటరున్నర చల్లటి నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి అది. లోడ్ బ్రేకుతో దించే హాయిస్టులో అదంతా ఆ రాపిడి బిళ్లల్లోకే వెళ్తుంది. ఊపిరాడకుండా వెంటవెంటనే దించుతూ పోతే బిళ్లలు కాగిపోయి పట్టు తగ్గుతుంది. హాయిస్టుకు గంటకు ఎన్నిసార్లు అన్న హద్దు ఉండేది మోటారు కోసం మాత్రమే కాదు.

బటన్ వదిలాక హుక్కు రెండంగుళాలు జారి ఆగుతోందంటే బిళ్ల అరిగి స్ప్రింగు నొక్కుడు తగ్గి ఉండొచ్చు. లేదా అయస్కాంతంలో కరెంటు చప్పున చావకుండా ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ గుండా తిరుగుతూ బ్రేకును ఇంకాసేపు తెరిచి ఉంచుతూ ఉండొచ్చు. అందుకే చాలా హాయిస్టుల్లో రెక్టిఫయర్ తర్వాతి డీసీ వైపు కూడా తెంపే ఏర్పాటు చేస్తారు. జారుడు నిన్నటికంటే ఇవాళ పెరిగిందా అన్నది ఆపరేటరు కంటే ముందు ఎవరికీ తెలియదు. ఆ మాట చెప్పే ఆపరేటరును విసుక్కోకుండా వినే సూపర్‌వైజరు కావాలి.

స్లాబ్ వేసే రోజు

ఇన్ని చెప్పాక మన వీధి చివర జరిగే పని దగ్గరికి రావాలి. ఇంటి స్లాబ్ వేసే రోజున కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన లిఫ్టు నిలబెడతారు. ఇంజను, క్లచ్, డ్రమ్ము, తాడు, కాంక్రీటు బకెట్. ఎక్కేటప్పుడు క్లచ్ వేసి ఎత్తుతారు. దిగేటప్పుడు క్లచ్ తీసేస్తే బకెట్ తన బరువుతో తనే దూసుకొస్తుంది, ఆపరేటరు బ్రేకు లివరు నొక్కి దాన్ని అదుపు చేస్తాడు. ఇలాంటి లిఫ్టుల్లో లివరు నొక్కితే బ్రేకు పడుతుంది, వదిలితే పోతుంది. ఇంతసేపు చెప్పుకున్నదానికి పూర్తిగా తలకిందులు. ఆపరేటరుకు కళ్లు తిరిగినా, తేనెటీగ కుట్టినా, వెనక నుంచి ఎవరో పిలిచి తల తిప్పినా బ్రేకు లేనట్టే. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి ఆపకుండా సాయంత్రం దాకా ఒకే మనిషి ఆ లివరు పట్టుకుంటాడు. యంత్రం రూపం మారింది కానీ బ్రేకు సంగతిలో మనమింకా బావి గిలక దగ్గరే ఉన్నాం.

దీన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు. లివరు వదిలితే స్ప్రింగుతో పడే బ్రేకు, డ్రమ్ముకు ఒక రాచెట్, దాని మీద ఒక నాలుక. చైన్ బ్లాకులో ఎప్పటి నుంచో ఉన్నవే. అవి వచ్చేదాకా చెయ్యగలిగిందల్లా బకెట్ కింద ఎవరూ నిలబడకుండా చూడటం, ఆపరేటర్లను మార్చి మార్చి కూర్చోబెట్టడం, మనుషుల్ని ఆ బకెట్ ఎక్కనివ్వకపోవడం. పైకి వెళ్లడానికి మెట్లున్నా కాళ్లు లాగుతున్నాయని బకెట్ అంచు పట్టుకుని ఎక్కే కూలీలను చూస్తే గుండె గొంతులోకి వస్తుంది.

ఫ్యాక్టరీలకు సంబంధించి మన దేశంలో ఈ సంగతులు చట్టంలోకి ఎప్పుడో ఎక్కాయి. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 28వ సెక్షన్, హాయిస్టును, లిఫ్టును ఆరు నెలలకొకసారైనా అర్హత ఉన్న వ్యక్తి క్షుణ్ణంగా పరీక్షించి రిజిస్టరులో రాయాలంది. మనుషులెక్కే కేజ్ తాడు మీద వేలాడుతుంటే విడివిడిగా కట్టిన రెండు తాళ్లయినా ఉండాలంది, ఒక్కో తాడూ పూర్తి బరువును ఒంటరిగా మోయగలగాలంది. తాళ్లు తెగినా కేజ్‌ను పూర్తి బరువుతో సహా పట్టి ఉంచే పరికరం ఉండాలంది. 29వ సెక్షన్ క్రేన్లు, గొలుసులు, చైన్ బ్లాకుల్లాంటి వాటికి ఏడాదికొకసారి పరీక్ష పెట్టింది. రెండు తాళ్లు, పైగా తెగితే పట్టే పరికరం: ఓటిస్ చూపించిన స్ప్రింగూ, మార్కమ్ కడ్డీ నేర్పిన జంట దారీ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. స్లాబ్ లిఫ్టు దగ్గర మాత్రం ఆ రిజిస్టరు ఎవరి చేతుల్లో ఉందని అడిగితే చాలాచోట్ల జవాబు దొరకదు.

రిజిస్టరు ఉన్నా లేకున్నా, మంచి మేస్త్రీలు చేసే ఒక పని ఉంది. మొన్న ఒక షెడ్డులో చూశాను. లారీ ఇంజనుకు గొలుసు కట్టారు. పెద్దాయన చైన్ బ్లాక్ లాగి ఇంజనును నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తు లేపాడు. అక్కడ ఆపి, రెండు చేతులూ గొలుసు మీంచి తీసేసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. పక్కనున్న కుర్రాడు తొందరపడి "లాగు బాబాయ్" అన్నాడు. ఆయన పలకలేదు. ఇంజను అడుగున్న బోల్టుకూ నేలకూ మధ్య ఖాళీనే చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ తగ్గలేదు. అప్పుడు మళ్లీ గొలుసు అందుకున్నాడు. టిక్కు, టిక్కు, టిక్కు.